మేడమ్ లేసిందా?

పక్క క్లాసు సార్ పోయారని మొన్న మంగళవారం పొద్దున మా ఇన్‌స్టిట్యూట్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. గుండెపోటు. చదవగానే నాకు ఏడుపు రాలేదు. కింద వరసగా పడుతున్న విద్యార్థుల సంతాపాలు చూసి, నేను పోతే ఇందులో సగమైనా వస్తాయా అనిపించింది. సిగ్గుపడాల్సిన మాటే. కానీ పోయిన మనిషి గురించి అబద్ధం రాయలేను. తొమ్మిదేళ్లు ఆయన్ని చూసి కుళ్లుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇద్దరం కంప్యూటర్లని నడిపే లినక్స్ పాఠాలు చెప్పేవాళ్లం. రెండు క్లాసుల మధ్య ఒక ప్లైవుడ్ గోడ. అటు నిలబడటానికి కూడా చోటుండేది కాదు, ఇటు నా ముందు సగం బెంచీలు ఖాళీ. చదువు మాటకొస్తే ఆయన కంటే నాకే ఎక్కువ తెలుసు. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పేవారు. అదింకా మంట.

మెట్రో ఎల్బీ నగర్‌లో మొదలవుతుంది, ఆయన ఎక్కేది అక్కడే, కాబట్టి ఎప్పుడూ సీటు దొరికేది. తర్వాతి స్టేషన్‌లో నేను ఎక్కగానే లేచి నిలబడేవారు. "కూసోన్రి మేడమ్" అనేవారు. రెండు స్టేషన్ల దూరానికి ఈ మర్యాద ఎవరడిగారు? కూర్చునేదాన్ని, థాంక్స్ మాత్రం చెప్పేదాన్ని కాదు.

వాళ్ల నాన్న పోచంపల్లి దగ్గర మగ్గం నేసేవారట. విద్యార్థి ప్రోగ్రాం ఆగిపోయి ఏడుపు మొహం పెడితే ఈయన జేబురుమాలుతో ఆ కీబోర్డు తుడిచి పక్కన కూర్చునేవారు. "పోగు తెగితె మగ్గం ఆపాలె బిడ్డా. తిట్టుకుంట కూసుంటె అతకది" అనేవారు. నేనైతే పుస్తకంలో పేజీ నంబరు చెప్పేదాన్ని.

ఒకసారి కొత్తవాళ్లకి నేను డెమో ఇచ్చాను. కంప్యూటర్ లోపలే గోడలు కట్టినట్టు వేరుగా ఉండే చిన్న లినక్స్ అది, గదిలో గది లాంటిది. అందులో ఏం పాడుచేసినా బయటి మిషన్‌కి ఏమీ కాదు. ఆ లోపలి గదిలో వెనకాల నడవాల్సిన సర్వీసులు, మిషన్ ఆన్ చేయగానే వాటంతటవే లేవాలి. అన్నిటినీ లోపలి జాబితాలో చేర్చాను. హాలు నిండా జనం చూస్తుండగా మిషన్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. ఒక్కటీ లేవలేదు.

వెనక బెంచీ నుంచి ఆయన గొంతు వినిపించింది. "మేడమ్, హాజరుపట్టిల పేర్లైతె రాసిన్రు. లోపట హాజరు పిలిచెటోళ్లు ఎవరున్నరు?"

అందరూ నవ్వారు. ఆయన అన్నది నిజమే. మిషన్ తన జాబితా చదువుకుంటుంది గానీ, గది లోపలి జాబితా దానికి పట్టదు. మర్నాడు కూర్చుని, మిషన్ లేవగానే ఆ గదిలోకి వెళ్లి ఒక్కొక్క సర్వీసునీ పేరు పెట్టి లేపే చిన్న స్క్రిప్టు, అంటే ఆదేశాల వరస, రాశాను. అందరూ వాడుకునే ఫోల్డర్‌లో పెట్టాను. ఒక్క మెచ్చుకోలూ రాలేదు.

అయితే ఆ వారం నుంచి గోడ అవతల కొత్త గోల మొదలైంది. మిషన్ ఆన్ చేయగానే ఆయన "మేడమ్ లేసిందా?" అని అడగడం, "లేసింది సార్!" అని క్లాసంతా అరిచి నవ్వడం. రోజూ ఇదే. నాకు ఒళ్లు మండిపోయింది. ఒకరోజు మెట్ల మీద ఆపేశాను.

"నా పేరు చెప్పుకుని ఆ నవ్వులేంటండీ? పైగా 'లేసిందా' అంటారా, మా తెనాలిలో పనిమనిషిని కూడా అలా అనం!"

ఆయన కంగారుపడ్డారు. "అయ్యో, మిమ్మల్నైతె 'లేసిన్రా' అంటం గద మేడమ్. అది మీది గని, మీరు గాదు. ఒక్కసారి మా క్లాసుకొచ్చి చూడున్రి."

వెళ్లలేదు. ఆ క్లాసు ఎందుకు నిండుతుందో కళ్లారా చూడాలంటే భయం.

ఆయన బ్యాచ్ ఇప్పుడు నాకిచ్చారు. నిన్న మొదటిసారి గోడకి అటువైపు వెళ్లాను. ఆయన మిషన్‌లో లోపలి గదిని లేపే ఫైలు వెతికాను. దాని పేరు 'మేడమ్'. తెరిస్తే నేను రాసిన స్క్రిప్టే, అక్షరం మారలేదు. పైన మాత్రం ఆయన రాసుకున్న మాటలు ఉన్నాయి: "పక్క క్లాసు మేడమ్ రాసింది. నేను మునుపు మూడు దినాలు కొట్టుకున్న, నాతోని కాలే. చూస్తె జర కుళ్లుగనె ఉంటది. అయినా ఎవ్వరు ముట్టొద్దు."

ఆయనకీ కుళ్లుందట. ఈ ఫైలుని నా పేరుతో పిలిచి, దాన్ని రోజూ అందరి ముందూ నవ్వుతూ ఒప్పుకున్నారు. నేను మాత్రం ఒక్కసారి గోడ దాటలేకపోయాను. ఇక్కడా ఆయనే గెలిచారు.

మిషన్ ఆపి ఆన్ చేశాను. ముందు బెంచీలో అమ్మాయి, రోజూ సార్ అడిగినట్టే, "మేడమ్ లేసిందా?" అనేసి నాలుక కరుచుకుంది. తెర మీద సర్వీసుల పేర్లు ఒక్కొక్కటే వస్తున్నాయి.

"లేసింది" అన్నాను, వాళ్ల మాటలోనే.

ఎవరూ నవ్వలేదు. గోడకి అవతల, నా క్లాసులో, ఖాళీ బెంచీల మీద ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఇటు వినిపించింది.