పిన్ని చేతిలో గొడుగు

మా పిన్ని మడిచిన గొడుగును ఎప్పుడూ రెండు చేతులతో పట్టుకునేది, పడవ తోసే గడను పట్టుకున్నట్టు. ఆవిడ కొల్లేటి లంకలో పుట్టింది. పదేళ్ళకే దోనెలో నిలబడి, తనే గడ వేసుకుంటూ అవతలి గట్టుకు వెళ్ళేదట. ఏలూరు కోడలయ్యాక వీధి గుమ్మం దాటాలన్నా పక్కన బాబాయి ఉండాల్సిందే.

పంతొమ్మిదివందల యాభైల్లో ఒక వేసవిలో బాబాయి మమ్మల్నందరినీ కొడైకెనాల్ తీసుకెళ్ళాడు. కొండ మీది ఆ సరస్సును చూడగానే పిన్ని నడక మారిపోయింది. అందరికన్నా ముందే పడవెక్కి, గొడుగు నీళ్ళలోకి దించి లోతు చూసింది.

"ఏవండీ, ఒక్కసారి ఆ తెడ్డు నాకిప్పించండి."

"నలుగురూ చూస్తున్నారు. చేతులు లోపల పెట్టుకుని కూర్చో," అన్నాడు బాబాయి, ఆవిడ శాలువా సర్దుతూ, మెత్తగానే. ఆయన చెడ్డవాడైతే ఇప్పుడు తిట్టుకోవడానికైనా నాకు వీలుండేది.

పిన్ని కూర్చుంది. పడవవాడు సరస్సంతా తిప్పి, ఎక్కిన చోటే దించాడు. అంతసేపూ ఆవిడ పిడికిళ్ళు ఒళ్ళోని తడి గొడుగును మెల్లగా తోస్తూనే ఉన్నాయి.

ఇంటికొచ్చాక పక్కింటావిడ ఆత్రంగా అడిగింది. "అక్కడ ఏం చూశారండీ?"

"నీళ్ళున్నాయండీ. పడవుందండీ," అంది పిన్ని. "నన్ను కూర్చోబెట్టారండీ."