అరువు గొంతు

పాస్టరుగారికి ఒకప్పుడు నత్తి ఉండేదంటే ఆ సంఘంలో ఇప్పుడు ఎవరూ నమ్మరు. ఆదివారం మైకు ముందు ఆయన నోరు తెరిచాడంటే ప్రసంగం ఎక్కడా తట్టుకోకుండా సాగిపోతుంది. చిన్నప్పుడు మాత్రం తన పేరు తాను చెప్పుకోవాలన్నా చెమటలు పట్టేవి.

తండ్రి ముందే పోయాడు. తల్లి పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. బడి వదలగానే వాడు తిన్నగా అక్కడికే వెళ్లి, ఆవిరి కమ్మిన ఆ గదిలో దుప్పట్ల మూట మీద కూర్చుని ఆనాటి సంగతులు మొదలుపెట్టేవాడు. లోకంలో అందరికీ ఒక దిక్కుమాలిన అలవాటుంది. ఎదుటివాడు మాట మధ్యలో ఆగితే చాలు, జాలికొద్దీ కొందరు, విసుగుకొద్దీ కొందరు ఆ మాట తామే పూర్తి చేసేస్తారు. సగంసార్లు వాడు చెప్పబోయింది అది కానే కాదు. అయినా మళ్లీ మొదలుపెట్టే ఓపిక లేక తలూపేసేవాడు. తల్లి ఒక్కనాడు కూడా మాట అందించలేదు. వాడు ఆగిపోతే ఆమె ఇంకో దుప్పటి పరిచి, నీళ్లు చల్లి, తన పని తాను చేసుకుంటూ ఉండేది. "చెప్పు నాన్నా, నాకేం తొందర లేదు" అనేది. ఆ మాట అన్నాక వాడి నాలుక కాస్త తేలికయ్యేది.

అలాంటివాడు డిగ్రీ పూర్తి చేసి, సెమినరీకి వెళ్తానన్నాడు. పాస్టరునవుతానన్నాడు.

"నోరు పెగలనివాణ్ణి ప్రసంగాలు చెప్పడానికి పంపుతావా వదినా?" అని మేనత్త ముక్కున వేలేసుకుంది.

"దేవుడికి వినే ఓపిక ఉంటుందిలే" అని తల్లి ఊరుకుంది.

సెమినరీలో చదువు వాడికి నల్లేరు మీద నడకే అయింది. గ్రీకు, హెబ్రీ, సంఘ చరిత్ర, అన్నీ రాత పరీక్షలే కాబట్టి అన్నిట్లోనూ వాడే ముందు. చావొచ్చిపడిందల్లా ప్రసంగం క్లాసుతోనే. శుక్రవారం చాపెల్లో ఒక్కొక్క విద్యార్థీ పల్పిట్ ఎక్కి తోటివాళ్లకు ప్రసంగం చెయ్యాలి. మాస్టారు చివరి బెంచీలో చేతిగంట పట్టుకుని కూర్చుంటాడు. మాట తడబడిందా, గంట మోగుతుంది. మోగితే దిగిపోవాలి. ఆయన్ని అందరూ గంట మాస్టారనేవాళ్లు. మనవాడి నోట మొదటి మాట పూర్తిగా బయటికి రాకముందే గంట మోగింది. మరుసటి వారం కూడా అంతే. చివరికి వాడు పల్పిట్ మెట్లెక్కుతుంటేనే వెనకనుంచి నవ్వులు వినబడసాగాయి. ఈ ఒక్క క్లాసు గట్టెక్కకపోతే పట్టా లేదు, పట్టా లేకపోతే పాస్టరుగా అభిషేకం లేదు. చదివిన చదువంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఒకరోజు మాస్టారు వాణ్ణి తన గదికి పిలిచాడు. "నువ్వు మాట్లాడకు. నేను మాట్లాడినట్టు మాట్లాడు" అన్నాడు.

ఆయనది పొట్టలోంచి వచ్చే బరువైన గొంతు. "ప్రియులారా" అని ఒక్క క్షణం ఊపిరి బిగపడతాడు. వాక్యం చివర రాగం తీస్తాడు. బైబిలు వచనం చదివే ముందు చిన్నగా దగ్గుతాడు. వాడు అదంతా కంఠతా పట్టాడు, ఆ దగ్గుతో సహా. చిత్రమేమిటంటే, ఆ గొంతుతో మాట్లాడుతుంటే నత్తి రాలేదు. ఎవరిదో కోటు తొడుక్కుని నాటకం ఆడినట్టు మాటలు ధారాళంగా వచ్చాయి. ఆ శుక్రవారం గంట మోగలేదు. మాస్టారు లేచి వచ్చి వాణ్ణి కావలించుకున్నాడు, కళ్లు తుడుచుకున్నాడు కూడా. ఆయన చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది. ఆ సుఖం కూడా లేదు.

గట్టెక్కినవాడు గట్టు మీద ఆగలేదు. నవ్వులు తిన్నవాడు కదా, ఇక తన గొంతును ఎవరికీ వినిపించదలచుకోలేదు. పాలవాడితో ఆ గొంతే, బస్సు కండక్టరుతో ఆ గొంతే. పెళ్లయ్యాక భార్య కొన్నాళ్లు ముచ్చటపడింది. ఆ తర్వాత, "ఏమండీ, మీరు ఉప్పడిగినా దీవెన ఇచ్చినట్టే ఉంటుంది. ఇంట్లో అయినా మామూలుగా మాట్లాడకూడదా?" అంది. అతను చిన్నగా దగ్గి, ప్రయత్నిస్తానన్నాడు, అదే రాగంలో.

అభిషేకం రోజు తల్లి ముందు వరసలో కూర్చుంది. "బాగుందిరా. ఎవరో పెద్దాయన చెబుతున్నాడనుకున్నా" అంది. అతను అది మెప్పనుకున్నాడు. ఆ సాయంత్రం ఆమె బాగోగులు అడిగితే గడగడా జవాబు చెప్పాడు. చెప్పడం అయిపోయినా ఆమె ఇంకా అతని ముఖంలోకే చూస్తూ కూర్చుంది. మాటకోసం ఎదురుచూడటం ఆమెకు అలవాటు, మరి.

తర్వాత సంఘం, సభలు, ఊపిరాడని పనులు. తల్లిని తెచ్చి దగ్గర పెట్టుకోవాలనుకుంటూనే ఏళ్లు గడిపేశాడు. ఫోన్ చేసినా చివర్లో ప్రార్థన చేసి పెట్టేసేవాడు. ఈలోగా ఆమెకు షుగరు వచ్చి చూపు పోయింది. ఆపైన పక్షవాతం వచ్చి మతి సగం వెనక్కి, కొడుకు బడికి వెళ్లే రోజుల్లోకి మళ్లింది. తాను దుప్పట్లు ఇస్త్రీ చేసిన ఆసుపత్రిలోనే మంచం పట్టింది. "పొద్దస్తమానం మిమ్మల్నే అడుగుతున్నారు" అని నర్సు ఫోన్ చేస్తే అతను బయల్దేరాడు.

దారి పొడుగునా ఒకే మాట అనుకుంటూ వెళ్లాడు. అమ్మా, నిన్ను ఒంటరిగా వదిలేశాను, తప్పు నాది. అది చెప్పుకోగలిగితే చాలు.

తీరా వార్డులో మంచం పక్కన నిలబడేసరికి చెయ్యి దానంతటదే ఆమె తల మీదికి వెళ్లింది. మంచాల పక్కన ఇన్నేళ్లుగా చేసిన పని అదే. ప్రార్థన మొదలైపోయింది, రాగంతో, దగ్గుతో. అయ్యాక ఆమె రెండు చేతులూ జోడించింది.

"చల్లగా ప్రార్థించారు అయ్యగారూ. మా అబ్బాయి వస్తాడు, వస్తే లోపలికి పంపించండి. వాడికి మాట తొందరగా రాదు. మధ్యలో ఆగిపోతాడు. మీరు మాట అందించకండేం."

"అమ్మా, నేనే వచ్చాను" అన్నాడు. గొంతు ఖంగుమని పలికింది.

"మీరంతా నన్ను అమ్మా అనే పిలుస్తారు బాబూ. మంచి మనసు మీది."

అతను తన పేరు చెప్పాడు, మేనత్త పేరు చెప్పాడు, దుప్పట్ల మూట సంగతి చెప్పాడు. అన్నీ ఏ ఆటంకం లేకుండా వచ్చాయి. వాడు అవన్నీ మీకు చెప్పాడా అని ఆమె మురిసిపోయింది. ఇక దారి తోచక, చిన్నప్పుడు తనను ఏడిపించుకు తిన్న ఆ నత్తికోసం లోపల వెతుక్కున్నాడు. ఒక్క మాట, ఒక్కసారి తట్టుకుంటే చాలు. రాలేదు. అందుకని తెచ్చిపెట్టుకున్నాడు.

"అ... అ... అమ్మా" అన్నాడు.

ఆమె ముఖంలో వెలుగు పోయింది. జోడించిన చేతులు విడదీసి దుప్పటిలోకి లాక్కుంది.

"వాణ్ణి వెక్కిరించకండి అయ్యగారూ. అందరూ చేసే పని మీరు కూడా చెయ్యకండి" అని అటు తిరిగి పడుకుంది. అతను ఎన్నిసార్లు పిలిచినా మళ్లీ ఇటు తిరగలేదు.

ఆ వారమే ఆమె పోయింది. సమాధి దగ్గర ప్రసంగం అతనే చేశాడు. కన్నతల్లి పోయినా గొంతు వణకలేదు, ఎంత విశ్వాసమో అని జనం చెప్పుకున్నారు. ముసలివాడైపోయిన గంట మాస్టారు కర్ర పట్టుకుని దగ్గరికి వచ్చి, అతని చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఒక్కచోట కూడా ఆగలేదు నాయనా. మీ అమ్మగారు విని ఉంటే ఎంత..." అని, ఆయనకే దుఃఖం వచ్చి ఆగిపోయి, "సంతోషించేవారో" అని తనే పూర్తి చేశాడు.

పాస్టరుగారు చిన్నప్పటిలాగే తలూపేశాడు.