పిల్లలు చాలనుకున్నాక రండి

మా కవల ఆడపిల్లలకు మూడో ఏడు వచ్చినా నా పొట్ట మాత్రం ఏడో నెల దగ్గరే ఆగిపోయింది. నేనప్పుడు పాలకొల్లులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయన ఊళ్ళో చేపల చెరువులు చూసుకునేవారు. సిజేరియన్ కుట్టు మీదకి చర్మం మడతపడి వేలాడేది. ఎండాకాలం ఆ మడత కింద చెమటకి ఒరుసుకుపోయి మంట. మంచం మీంచి లేవబోతే పొట్ట మధ్యలో నిలువుగా గట్టులా పొంగేది. బోర్డు ముందు రెండు పీరియడ్లు నిలబడితే నడుం పట్టేసేది.

ఒకరోజు బస్సులో ఒక పెద్దావిడ తన సీట్లోంచి లేచి, "కడుపుతో ఉన్న పిల్లవి, కూర్చో అమ్మా" అంది. అంతకుముందు ఇలా అన్నవాళ్ళకల్లా లేదండీ అని చెప్పి చెప్పి విసిగిపోయి ఉన్నాను. కూర్చున్నాను. "ఎన్నో నెల?" అని అడిగింది. "ఏడు" అన్నాను. దిగేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ ఉన్నాను. ఆ సాయంత్రమే మా ఆయనతో చెప్పాను, పొట్టకి ఆపరేషన్ చేస్తారట, రాజమండ్రిలో డాక్టరు ఉన్నారట, వెళ్దామని.

మా అత్తగారు వంటింట్లోంచి విన్నారు. "బిడ్డల్ని కన్న పొట్ట అలాగే ఉంటుంది అమ్మాయ్. నాకు లేదా? దానికోసం కోయించుకుంటారా ఎవరైనా? బాలింతప్పుడు నడుముకి గుడ్డ బిగించి కట్టుకోమంటే విన్నావు కాదు."

కట్టుకున్నాను, మా అమ్మ ఊపిరాడకుండా బిగించి కట్టింది. ఆ మాట ఆవిడతో అని లాభం లేదు.

రాజమండ్రి డాక్టరు గారు నన్ను పడుకోబెట్టి, తల ఎత్తమని, పొట్ట మధ్యలో వేళ్ళు పెట్టి చూశారు. "కండరాలు విడిపోయాయమ్మా. వాటిని దగ్గరికి లాగి కుట్టి, సాగిన చర్మం తీసేస్తాం. నడుం నొప్పి కూడా తగ్గొచ్చు" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. కూర్చున్నాక అడిగారు, "ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నారా?"

"లేదండి" అన్నాను నేను.

"ఇంకా ఏమీ అనుకోలేదండి" అన్నారు పక్కన మా ఆయన, అదే క్షణంలో.

డాక్టరు గారు కలం కింద పెట్టేశారు. "ఇద్దరూ ఒక మాట అనుకుని రండి. తర్వాత కడుపొస్తే బిడ్డకి మామూలుగా ఇబ్బందేం ఉండదు. కానీ కుట్టిందంతా మళ్ళీ సాగొచ్చు. ఇంత పెద్ద కోత రెండుసార్లు ఎందుకు? పిల్లలు చాలనుకున్నాక రండి."

తిరుగు బస్సు గోదావరి బ్రిడ్జి ఎక్కింది. అప్పుడడిగాను, "ఇంకొకరు కావాలని నాతో ఎప్పుడన్నారండీ?"

"కావాలని అనలేదుగా."

"వద్దని కూడా అనలేదు."

"తొందరేముంది, చూద్దాం."

ఆ చూద్దాం ఏళ్ళు నడిచింది. మగపిల్లాడు పుట్టాక చేయించుకుందువుగానిలే అని మా అత్తగారు. ఏదో ఒకటి తేలిపోతుందని, సరే కందాం అన్నాను. అదీ కాలేదు. నెల తప్పేది కాదు. నెలనెలా బిడ్డా లేదు, ఆపరేషనూ లేదు. తెల్లారే కాలవ గట్టు మీద నడిచాను, డాక్టరు చెప్పిన కసరత్తులు చేశాను. ఒళ్ళు తగ్గింది, చర్మం ఇంకా వదులై వేలాడింది. చీర కుచ్చిళ్ళు ఎంత పొందిగ్గా పెట్టినా మధ్యాహ్నానికి జారేవి. ఇంకా పుట్టని బిడ్డ కోసం నా ఒళ్ళు నేను అట్టేపెట్టుకుని ఉండాలి. ఆ బిడ్డ ఎవరికి కావాలంటే చెప్పేవాళ్ళు లేరు.

కవలలు నాలుగో క్లాసుకి వచ్చాక ఒకరోజు భోజనం దగ్గర ఆయనే అన్నారు, "ఇద్దరు చాల్లే. వెళ్ళి చేయించుకో." సంతోషం రావాల్సింది, ఒళ్ళు మండింది. ఆ మాట ఆ రోజు డాక్టరు ముందు అనొచ్చుగా. "అయితే మీరు కూడా పిల్లలు పుట్టకుండా చేయించుకోండి, చిన్న ఆపరేషనేగా" అన్నాను. చూద్దాంలే అన్నారు, మజ్జిగ కలుపుకుంటూ.

నాకు ఆపరేషన్ అయింది. రెండు వారాలు వంగే నడిచాను. అంత వద్దన్న మా అత్తగారే నన్ను నడుం పట్టుకుని బాత్రూముకి తీసుకెళ్ళేవారు, దారంతా సణుగుతూనే. "ఏం చూసుకుందామని ఇంత కోత" అనేవారు, చెయ్యి మాత్రం వదిలేవారు కాదు. పొట్టకి అడ్డంగా, ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా గీత పడింది. స్కూలుకి వెళ్ళిన మొదటిరోజు బోర్డు ముందు నిటారుగా నిలబడ్డాను. బస్సులో నాకెవరూ లేచి చోటివ్వలేదు.

ఏడాది దాటాక నెల తప్పింది. అన్నేళ్ళు రానిది ఇప్పుడేం వస్తుందని పట్టించుకోలేదు. వాంతులు మొదలయ్యాక టెస్టు చేయించాను. మా ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆపేశారు. "నేను చెప్పలేదూ" అన్నారు మా అత్తగారు. ఏం చెప్పారో నాకు గుర్తు లేదు.

రాజమండ్రి డాక్టరు గారు కాన్పుల డాక్టరమ్మతో మాట్లాడారు. భయం లేదన్నారు, నెలనెలా చూపించుకోమన్నారు. ఐదో నెల నుంచి పొట్ట బిగబట్టి లాగేది, గీత పొడవునా దురద, మంట. మూడోది కూడా ఆడపిల్లే. ఆరోగ్యంగా పుట్టింది. ఆ సిజేరియన్లోనే నేనే అడిగి ట్యూబులు కట్టించుకున్నాను. మా ఆయనకి తర్వాత చెప్పాను.

పొట్ట మళ్ళీ వదులైంది. మునుపటంత కాదు గానీ ఆ గట్టు కొంచెం తిరిగొచ్చింది. పిల్లకి ఏడాది నిండాక చూపించుకుంటే డాక్టరు గారు, "కావాలంటే మళ్ళీ సరిచేయొచ్చమ్మా. ఆలోచించుకోండి" అన్నారు.

"చేయించుకో. నేనేమీ అనను" అన్నారు మా ఆయన.

"మీరేమీ అనకపోబట్టే కదండీ ఇంతదాకా వచ్చింది" అన్నాను.

డాక్టరు గారు తలవంచుకుని ఏదో రాసుకున్నారు. నేను మళ్ళీ కోయించుకోలేదు. ఓపిక లేక.