కాలని వత్తులు

మా అత్తగారి చేతులకు ఊరికే ఉండడం చేతకాదు. అందులోనూ ఆ ఏడు లక్ష వత్తుల నోము పట్టారు. సిడ్నీ ఎయిర్‌పోర్టులో ఆవిడ తెచ్చుకున్న పత్తి అంతా కస్టమ్స్ వాళ్ళు లాగేసుకుంటే వాళ్ళని వారం రోజులు తిట్టిపోశారు. కెల్లీవిల్‌లో మా ఇంటికి వచ్చాక సూపర్‌మార్కెట్ దూది తెచ్చిచ్చాను. "ఇదేం దూదమ్మా, సాగదు, పాడు లేదు" అంటూనే వేలకు వేలు చేశారు.

జూలై సెలవుల్లో మా ఆయన ఆస్ట్రేలియాకి వాయవ్యాన ఉన్న పిల్బరా గనుల వైపు ప్రయాణం పెట్టారు. విమానంలో వెళ్ళి, అక్కడ వంటకీ పడకకీ వీలున్న వ్యాన్, మోటర్‌హోమ్ అద్దెకు తీసుకున్నాం. నాకెందుకో మొదటినుంచీ ఆ దారి నచ్చలేదు. ఎటు చూసినా తుప్పు రంగు మట్టి, ఖనిజం మోసుకుపోయే అంతులేని రైలు. గంటలకొద్దీ వెళ్ళినా మనిషి జాడ లేదు. మూడో రోజు ఫోన్లో సిగ్నల్ కూడా పోయింది. వెనక్కి వెళ్దామంటే, "నీకు షాపింగ్ మాల్ కనబడకపోతే ఊపిరాడదు" అని వెక్కిరించారాయన.

ఆ మధ్యాహ్నం ఒక వాగు దగ్గర బోర్డు కనిపించింది. ఎండకి వెలిసిపోయి 'ప్రమాదం' అన్న ఒక్క మాట మిగిలింది. "పాత గని ఉండుంటుంది. గోతుల్లో పడతారని పెట్టుంటారులే" అన్నారాయన. నాకూ ఆకలి దంచేస్తోంది. ఆపండి, ఇక్కడే ఉప్మా చేసేస్తాను అన్నది నేనే.

నేను ఉల్లిపాయలు తరుగుతుంటే వాగు ఒడ్డునుంచి అత్తగారి కేక. "అమ్మాయ్! ఇటు రా! రాతిలో దూది!" నీలం చారల రాయి అది. చారని గోటితో గీకితే మెత్తగా, నూలులా విడివడుతోంది. "ఈ దేశంలో పత్తి రాళ్ళకి కాస్తుందా ఏవిటి?" అని ఆవిడ ఒకటే మురిసిపోయారు. ఒళ్ళో వేసుకుని ఏకుతూ కూర్చున్నారు.

మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. నానమ్మ దగ్గర పట్టుమని పది నిమిషాలు కూర్చునేది కాదు. దాని చేతిలో ఐపాడ్ లాక్కుని, "వెళ్ళి నానమ్మకి సాయం చెయ్" అని నేనే పంపాను. కాసేపటికి అది ఆ పీచు గడ్డానికి అంటించుకుని, "మమ్, లుక్! ఐయామ్ శాంటా!" అని అరిచింది. ఉఫ్‌మని ఊదేసి, మళ్ళీ అంటించుకుంది. నానమ్మా మనవరాలూ పగలబడి నవ్వారు. నేను ఫొటో తీశాను. ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్లోనే ఉంది, తెరిచి చూసే ధైర్యం లేదు.

సాయంత్రం ఈగలు భరించలేక వ్యాన్ అద్దాలన్నీ మూసేశాం. అత్తగారు కొత్త వత్తి ఒకటి నేతిలో తడిపి ప్రమిదలో వెలిగించారు. నెయ్యి అయిపోయింది, దీపం కొండెక్కింది. వత్తి మాత్రం వేసింది వేసినట్టే ఉంది. ఇంకాస్త నెయ్యి పోసి వెలిగించారు. మళ్ళీ అంతే. "చూశావా, అణువంత కాలలేదు! ఏం మహిమో తల్లీ!" అని దాన్ని కళ్ళకద్దుకున్నారు.

కాలని పీచంటే ఏమిటో అప్పుడు తట్టింది నాకు. వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం నా ఉద్యోగం. ఆ రాయి ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో ముసలి గని కార్మికుల ఫిల్ముల్లో ఎన్నిసార్లు చూశానో! రాయిగా మాత్రం ఎన్నడూ చూడలేదు. ఓరి దేవుడా, ఎంత బుద్ధి తక్కువదాన్ని!

పిల్లని బయటికి ఈడ్చుకెళ్ళి, బట్టలు విప్పేసి, క్యాన్లలో ఉన్న తాగే నీళ్ళన్నీ దాని నెత్తిన కుమ్మరించాను. మా ఆయన వత్తుల డబ్బా తడిపి సంచుల్లో కట్టేశారు. "ఏవైందమ్మా?" అని అత్తగారు బిత్తరపోయారు. "ఆస్బెస్టాస్ అత్తయ్యా!" అని అరిచాను.

"అయితే ఏం? మా వంటింటి మీద రేకులు అవేగా. ముప్పై ఏళ్ళు వాటికిందే వండాను."

రేకులో సిమెంటుతో బిగిసి ఉంటుందనీ, ఇది ఉత్త పీచనీ, పీలిస్తే లోపలే ఉండిపోతుందనీ చెప్పాను. ఆవిడ తన చేతుల వంక చూసుకున్నారు. ఆ తర్వాత ఆవిడ వత్తి చేయలేదు.

సిడ్నీ వచ్చాక డాక్టరు ధైర్యం చెప్పింది. ఒక్కరోజే కాబట్టి ప్రమాదం తక్కువట. ఇప్పుడు ఏ పరీక్షా ఏమీ చెప్పదట. క్యాన్సర్ వస్తే గిస్తే ముప్పై, నలభై ఏళ్ళకి.

ఇంటికొచ్చి అదే చెప్పాను. "అప్పటికి నేనెలాగూ ఉండను. నువ్వు మాత్రం ఉంటావా?" అన్నారు అత్తగారు. "అవేం మాటలు అత్తయ్యా!" అని కసురుకున్నాను. నిజం కాబట్టే అంత కోపం వచ్చింది.

మర్నాటినుంచి పిల్లకి ఒక వాక్యం నేర్పడం మొదలుపెట్టాను. ప్రతి ఆదివారం తలంటు పోసి, జడ వేస్తూ అప్పజెప్పించుకుంటాను. "వెన్ ఐ వాజ్ సెవెన్, ఐ ప్లేడ్ విత్ బ్లూ ఆస్బెస్టాస్." గడగడా చెప్పేస్తుంది.

మొన్న ఆదివారం విసుక్కుంది. "మమ్, యూ కెన్ టెల్ ద డాక్టర్, కాంట్ యూ?"

"అప్పుడు నువ్వే చెప్పుకోవాలమ్మా."

"వై? వేర్ విల్ యూ బీ?"

దాని జడ గట్టిగా పట్టుకుని, "ఇంకోసారి చెప్పు" అన్నాను.