రేడియో బాబాయ్ తోడల్లుడు

రేడియో బాబాయ్ చేతికి వాకీటాకీ ఇవ్వడమంటే కుళాయి తిప్పి, ఇంటికి తాళం వేసుకుని ఊరెళ్ళిపోవడమే. ఇక ఆగేది ఉండదు.

ఆయన ఉండేది ఉప్పు మైదానానికి అవతలి కొసన. ఎండిపోయిన చెరువులో కనుచూపు మేర తెల్లటి ఉప్పు తప్ప చెట్టూ లేదు, పిట్టా లేదు. ఇవతలి కొసన అన్నయ్య, ఇద్దరు మెకానిక్కులు, ఒక బండి. ఆ బండి మీద, నేలమీద ఇంతవరకూ ఏ మోటార్ సైకిలూ వెళ్ళనంత వేగంగా వెళ్ళాలన్నది వాళ్ళ పంతం. నడిపేది అన్నయ్య చెల్లెలు. మనిషి పుల్లలా ఉంటుంది కాబట్టి జట్టులో అందరూ తూనీగ అంటారు. దూసుకొచ్చిన బండి అవతలి కొసన ఆగాక మూత తీయడం, మంచినీళ్ళివ్వడం, ఆపడానికి వెనకాల విచ్చుకున్న పారాచూట్‌ను మడతపెట్టడం బాబాయ్ పని. అసలు వృత్తి సోఫాలు కుట్టడం. బండి సీటు కుట్టింది కూడా ఆయనే.

పని మూడు ముక్కల్లో అయిపోతుంది. మాటలు మాత్రం పొద్దున్నే గొడుగు పాతుకుని కూర్చున్న దగ్గర్నుంచీ మొదలు.

"బాబాయ్, గాలి ఎటు వీస్తోంది?" అని అన్నయ్య అడిగేవాడు.

"గాలికేం, బానే ఉంది. నిన్న మా తోడల్లుడు షాపుకొచ్చాడు. కొత్త సోఫా మెత్తగా ఉందో లేదో చూస్తానన్నాడు. కూచున్నాడు. నిద్రపోయాడు. ఇంతలో ఆ సోఫా తాలూకు వాళ్ళు వచ్చేశారు..."

"బాబాయ్! గాలి!"

"ఎడమ పక్కనుంచి కొంచెం. వాడి గురక ముందు ఈ గాలెంతలే."

ఆ తోడల్లుడు మామూలు మనిషి కాడు. కుర్చీకి కొలతలు తీసుకుంటుంటే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. కుర్చీ తయారయ్యాక అందులో ఇరుక్కుపోయాడు. ఊడదీయించుకోవడానికి కుర్చీతో సహా వీధిలో నడిచొస్తుంటే, ఎక్కడికెళ్ళినా ఆసనం వెంట తెచ్చుకునే మహానుభావుడెవరో అనుకుని జనం దండాలు పెట్టారట. ఇంకోసారి మంచం మీద స్ప్రింగులు పరీక్షించబోయి అటకెక్కాడు. దిగడం రాక అక్కణ్ణుంచే రెండు పూటలా భోంచేశాడు.

మెకానిక్కులు నెత్తి కొట్టుకునేవాళ్ళు. "ఈయన నోటికి కూడా ఒక పారాచూట్ కడితే బాగుండు, కాసేపటికైనా ఆగేది" అనేవాడు పెద్ద మెకానిక్కు.

తూనీగ మాత్రం ఏమీ అనేది కాదు. ఆ బండి చేపలా పొడుగ్గా ఉంటుంది. నడిపే మనిషి అందులో వెల్లకిలా పడుకోవాలి. భుజాలు అటూ ఇటూ రేకుకు ఒరుసుకుంటాయి. పట్టీలు బిగిస్తారు, పైన మూత వేస్తారు, బోల్టులు తిప్పుతారు. ఆ తర్వాత గాలి సర్దుకునేదాకా, టైము చూసేవాళ్ళు సరేననేదాకా అందులోనే ఎదురుచూడాలి. కదిలితే భయం లేదు. కదలకుండా ఉన్నంతసేపే భయమంతా. బయట అందరూ ఉన్నారు, అందరూ తనవాళ్ళే. అయినా ఆ రేకు లోపల ఈ లోకంలో తనొక్కతే మిగిలినట్టుండేది. ఈ మాట ఎవరితో చెప్పుకుంటుంది? అన్నయ్యతో చెబితే బండి ఎక్కనివ్వడు. ఇంకెవరితో చెప్పినా అన్నయ్యకు చేరుతుంది. అందుకని హెల్మెట్‌లో వినిపించే ఆ తోడల్లుడి ఆగడాలు వింటూ, ఇనుప డబ్బాలో ఒంటరిగా కిసుక్కుమని నవ్వుకునేది. కథ ముగిసేలోపు పచ్చజెండా ఊపేవాళ్ళు.

అవతలి కొసకు చేరాక, మిగతా కథ అడుగుదామని ఆత్రంగా తల బయటపెట్టేది. బాబాయ్ నీళ్ళ సీసా ఇచ్చి, తల ఒకసారి ఊపి, పారాచూట్ చుట్టుకుంటూ వెళ్ళిపోయేవాడు. పాపం, మాటలన్నీ వాకీటాకీ సెట్టులోనే ఖర్చయిపోయాయి కాబోలు అనుకునేది.

ఒకరోజు బండి బయల్దేరబోతుండగా అడ్డగాలి లేచింది. ఆపమని చెబుదామంటే అన్నయ్యకు సెట్టులో సందు దొరకలేదు. తోడల్లుడు అప్పుడే సోఫాతో సహా మెట్లమీద నుంచి దొర్లుతున్నాడు. గాలి దెబ్బకు బండి పక్కకు ఒరిగింది, తడబడింది, ఎలాగో నిలదొక్కుకుంది. తూనీగకు ఏమీ కాలేదు గానీ అన్నయ్యకు ప్రాణం పోయి వచ్చింది. ట్రక్కులో అవతలి కొసకు వెళ్ళి దులిపేశాడు.

"బాబాయ్, నా చెల్లెలు చచ్చిపోయేది! ఇకనుంచి గాలి, దారి, ఆ రెండే మాటలు. మూడో మాట వినిపిస్తే సెట్టు లాగేసుకుంటా."

బాబాయ్ ముఖం పాలిపోయింది. "సరే" అన్నాడు.

అసలు పరీక్ష రోజు వచ్చింది. ఆ వారం దాటితే వానలు. ఉప్పంతా నీటి కింద మునిగి, మళ్ళీ ఏడాదికి గానీ తేలదు. తూనీగ పడుకుంది. మూత వేశారు. బోల్టులు తిప్పారు.

"దారి బాగుంది. గాలి లేదు" అన్నాడు బాబాయ్ సెట్టులో. అంతే.

హెల్మెట్‌లో తన ఊపిరి తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆ ఊపిరికే అద్దం మసకబారింది. రేకు దగ్గరకు జరుగుతున్నట్టనిపించింది. చేతులు సీటు అంచును పట్టేసుకున్నాయి.

"ఆపండి! మూత తియ్యండి!"

అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందే? ఇంజను చప్పుడు తేడాగా ఉందా?"

తూనీగ చెమట తుడుచుకుని "ఊ" అంది.

ఏ పాపమూ ఎరగని ఇంజనును అన్నయ్య ఆ రోజంతా విప్పి, లేని జబ్బు కోసం ప్రతి భాగాన్నీ వెలుతురులో పెట్టి వెతికాడు. అది చూడలేక తూనీగ, సీటు చిరిగిందని చెప్పి దాన్ని చంకన పెట్టుకుని ఊళ్ళోకి, బాబాయ్ షాపుకు వెళ్ళింది. బాబాయ్ ఇంకా మైదానంలోనే ఉన్నాడు. షాపులో పిన్ని ఉంది. సీటు అందుకుని అంచు తిప్పి చూసింది. రెక్సిను మీద గోళ్ళు దిగబడ్డ గాట్లు వరసగా ఉన్నాయి.

"మళ్ళీ మొదలైందా తల్లీ?" అంది పిన్ని.

తూనీగ మాట మార్చడానికి చుట్టూ చూసి, "తోడల్లుడుగారు ఇవాళ రాలేదా పిన్నీ?" అంది.

"ఎవరి తోడల్లుడు?"

"బాబాయ్‌ గారి తోడల్లుడు. సోఫాల్లో నిద్రపోతారే, ఆయన."

"మా అమ్మానాన్నలకు నేనొక్కదాన్నే బిడ్డనమ్మా. నాకు అక్కచెల్లెళ్ళే లేకపోతే మీ బాబాయ్‌కి తోడల్లుడు ఎక్కణ్ణుంచి ఊడిపడతాడు?"

"మరి బాబాయ్ రోజూ చెబుతారు కదా..."

"ఎవరు, ఆయనా? చెబుతాడా?" పిన్ని కుట్టు మిషను పక్కనున్న స్టూలు మీద కూలబడింది. "పొద్దున్నే నోట్లో మేకులు పెట్టుకుంటే భోజనానికి తీసే మనిషి. మా పెళ్ళిలో కూడా సైగలతోనే కానిచ్చాడు. అలాంటిది పోయినేడు నీ సీటు బాగుచేయడానికి తెచ్చినప్పుడు నన్ను పిలిచి చూపించాడు. 'ఇవి ఆ పిల్ల గోళ్ళు. లోపల భయపడుతోంది. ఎవరికీ చెప్పుకోవట్లేదు, మనం కూడా చెప్పకూడదు' అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాతో అన్న పెద్ద మాట అదేనమ్మా. ఆ తర్వాత్నుంచీ మిషను ముందు కూచుని తనలో తనే గొణుక్కోవడం, మధ్యమధ్య నవ్వుకోవడం. మతి చలించిందని డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళా. 'ఏం లేదు, రేపటి మాటలు' అన్నాడు. ఏ మాటలో నాకు ఇవాళ తెలిసింది."

తూనీగ నవ్వబోయింది. ఆగి, సీటు అంచు మీది గాట్లను వేలితో తడిమింది. ఎవరికీ తెలియదనుకుంటూ ఇన్నాళ్ళూ మోసిన బరువును, ఒక మనిషి ఎప్పుడో చూసేశాడు. చూసి, పైకి ఒక్క మాట అనకుండా కొత్త రెక్సిను కుట్టి పంపించాడు.

సాయంత్రం ఇంజను పక్కన గ్రీజు చేతులతో కూర్చున్న అన్నయ్య దగ్గరికి వెళ్ళింది.

"ఇంజనుకేం కాలేదన్నయ్యా. నాకే. మూత వేస్తే భయం."

అన్నయ్య చేతిలో స్పానరు ఆగిపోయింది. "ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఇంకొకర్ని ఎక్కిస్తావని."

"ఎక్కించేవాణ్ణే!"

"అందుకే చెప్పలేదు."

తోడల్లుడి సంగతి కూడా చెప్పింది. అన్నయ్య స్పానరు కింద పెట్టేశాడు. "నేను ఆయన్ని తిట్టానే" అన్నాడు. తర్వాత లేచి, పెట్టెలన్నీ బోర్లించి, మూలపడ్డ మరో రెండు సెట్లు వెతికి తీశాడు. "ఇవి నీకూ ఆయనకూ. మా గాలి గొడవ మాది, మీ సోఫాల గొడవ మీది. కానీ నువ్వు వద్దంటే మాత్రం ఇంతటితో ఆపేద్దాం. నిజంగానే అంటున్నా."

"వద్దనను" అంది తూనీగ.

మర్నాడు మూత పడింది. చెవిలో గరగర. చాలాసేపటికి ఒక గొంతు సవరించుకున్న చప్పుడు.

"అమ్మాయ్... మీ పిన్ని ఏమైనా చెప్పిందా?"

"ఏం చెప్పాలి బాబాయ్?"

"ఏం లేదు, ఏం లేదు. అయితే విను. మా తోడల్లుడికి ఈత నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. నీళ్ళంటే భయం. అందుకని పరుపు మీద మొదలెట్టాడు..."

పరుపు మీద మునిగిపోతున్న తోడల్లుణ్ణి కాపాడటానికి ఇరుగుపొరుగు తాడు విసురుతుండగా పచ్చజెండా ఊగింది. బండి బాణంలా పోయింది.

రికార్డు నిలవాలంటే వెంటనే అటునుంచి ఇటు కూడా అంత వేగంతోనే రావాలి. అవతలి కొసన బాబాయ్ నీళ్ళిచ్చాడు. ట్రక్కులో వచ్చిన మెకానిక్కులు బండిని వెనక్కి తిప్పారు. మళ్ళీ మూత వేయాలి. బాబాయ్ బారెడు దూరంలోనే నిలబడి ఉన్నాడు. నోరు తెరిచాడు. ముఖం ఎర్రబడింది. మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు. ఎదురుగా మనిషి కనిపిస్తుంటే ఆయనకు మాట పెగలదు. చివరికి సెట్టు పట్టుకుని గబగబా ట్రక్కు వెనక్కి వెళ్ళిపోయాడు.

బోల్టులు బిగిసేసరికి చెవిలో గొంతు మోగింది. "ఆ, ఎక్కడున్నాం? తాడు! ఆ తాడు పట్టుకోమంటే వీడు..."

చిన్న అద్దంలోంచి తూనీగకు ట్రక్కు కింద ఆయన చెప్పులు మాత్రమే కనిపించాయి. కథకు తగ్గట్టు అవి కూడా ఈత కొడుతున్నాయి.

రెండు పరుగుల లెక్కా కలిపి చూస్తే, పాత రికార్డు కనురెప్పపాటు తేడాతో వెనకబడిపోయింది. అన్నయ్య ఏడ్చాడు, మెకానిక్కులు ఎగిరారు, ఫొటోలు తీశారు. ఆ ఫొటోల్లో బాబాయ్ లేడు. అవతలి కొసన గొడుగు మడతపెట్టుకుంటున్నాడు. తూనీగ ఎవరికీ చెప్పకుండా జీపు తీసి, తనే వెళ్ళి ఎక్కించుకుంది.

ఉప్పు దాటి మట్టిరోడ్డు ఎక్కారు. పక్కన కూర్చున్న మనిషి ఒడిలో పారాచూట్ పెట్టుకుని, నోరు విప్పకుండా బయటికి చూస్తున్నాడు. ఆ నిశ్శబ్దం ఆమెకు బరువనిపించలేదు. అయినా అడగకుండా ఉండలేకపోయింది.

"బాబాయ్, రికార్డు మనదే. సెట్టు లేకుండా, నా ముఖం చూసి, ఒక్క మాట చెప్పు."

బాబాయ్ ఇబ్బందిగా కదిలాడు. చొక్కా గుండీ తిప్పాడు. ఆమె ముఖంలోకి చూశాడు, తర్వాత రోడ్డు వైపు చూశాడు. ప్రపంచంలో ఇంకెవరూ వెళ్ళనంత వేగంగా ఆ పొద్దున్నే వెళ్ళొచ్చిన అమ్మాయితో, ఎంతో జాగ్రత్తగా అన్నాడు:

"ముందు గుంత ఉందమ్మా. మెల్లగా పోనీ."

తూనీగ నవ్వుకుంటూ బ్రేకు మీద కాలు వేసింది.