మాకంటే ముందు నడిచిన ఆరుగురు

దయ్యాల మాట ఎత్తితే నేను నవ్వేదాన్ని. వల్లకాటి పక్క బాటలో నూలు మూట నెత్తిన పెట్టుకుని ఒక్కదాన్నే వచ్చిన రోజులున్నాయి. ఏనాడూ ఏమీ కనిపించలేదు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కూడా దయ్యమేమీ కనిపించలేదు.

అరవైల మొదట్లో, హోలీ వెళ్ళిన వారానికి, ఆత్మకూరు నుంచి ఏడుగురు ఆడవాళ్ళం ఆలంపూర్ జోగులాంబ దర్శనానికి కాలినడకన బయలుదేరాం. అందరం నేతపని ఇళ్ళవాళ్ళమే. మొక్కు నా తోటికోడలు సత్తెమ్మది. ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. పసుపు చీర కట్టుకుని, ఎక్కడా కూర్చోనివ్వకుండా మమ్మల్ని తొందరపెడుతోంది.

బాట పొడుగునా మోదుగులు విరగబూశాయి. ఎండ ముదరకముందే గొర్రెలు కాస్తున్న ఒక అవ్వను నీళ్ళడిగాం. ఆమె మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఇందాకనే తాగి పోతిరి గదమ్మా. మళ్ల ఎన్కకెందుకొచ్చిన్రు?"

వేరే ఎవరినో చూసి ఉంటుందనుకున్నాం. అవ్వ ఒక్కొక్కరి మొహం చూస్తూ సత్తెమ్మ దగ్గర ఆగింది.

"గీ పసుపు చీరామె లేకుండె. మీరు ఆరుగురే ఉంటిరి."

ముసలి చూపు అని నవ్వుకుంటూ కదిలాం. కానీ నాకు మనసు నిలవలేదు. మలుపు మలుపుకీ ముందు ఎవరైనా ఉన్నారేమోనని చూశాను. బాట ఖాళీ.

మధ్యాహ్నానికి కృష్ణ ఒడ్డుకు చేరాం. పుట్టి నడిపే మనిషి అప్పుడే అవతలి నుంచి వచ్చాడు. మమ్మల్ని చూసి తెడ్డు వదిలేశాడు.

"మిమ్ముల్నే గదా అవుతలికి దాటిచ్చిన. ఆరుగురు. ఒక్క తీరుగ ఏడ్సుకుంట కూసున్నరు."

తడి ఇసుకలో నీళ్ళదాకా అడుగులున్నాయి. వాటిలో ఒక ఎడమ పాదానికి చిటికెన వేలు లేదు. నాకూ లేదు. చిన్నప్పుడు బండి చక్రం కింద పోయింది. పక్కన నా కాలు మోపి చూశాను. రెండు గుర్తులూ ఒకటే.

సత్తెమ్మ అప్పటికే పుట్టిలో కాలు పెట్టింది. చెయ్యి పట్టి లాగాను.

"ఇడిసిపెట్టక్కా, నా మొక్కు" అంటూ పెనుగులాడింది. నేను వదల్లేదు. అందరం వెనక్కి తిరిగాం.

మేం చూస్తుండగానే ఆ పుట్టి వేరేవాళ్ళను ఎక్కించుకుని క్షేమంగా అవతలికి చేరింది.

సత్తెమ్మకు మళ్ళీ పిల్లలు కలగలేదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద ముప్పై ఏళ్ళు వండుకున్నాం. అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ అడుగులు ఎవరివో నేను చెప్పలేను. ఆ రోజు ఆమె ప్రాణం కాపాడానో, కడుపు పండకుండా చేశానో, అదీ చెప్పలేను. ఆమె పోయేముందు పక్కన కూర్చుని క్షమించమని అడుగుదామనుకున్నాను. ఏ తప్పుకని అడగాలో తెలియక ఊరుకున్నాను.