వందో వంతు మిల్లీమీటరు కూడా తేడా లేని ప్లేటు

ఏ జబ్బూ లేని పడవ గేరుబాక్సును ఆటోలో పడుకోబెట్టి, రేపల్లె అవతలి రేవు నుంచి తెనాలి దాకా వైద్యానికి తీసుకొచ్చిన ఘనుడు మా ప్రాంతంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఇంకెవరైనా ఉంటే కలవాలని ఉంది. ఒకరి భుజం మీద ఒకరం తల పెట్టుకుని ఏడుస్తాం.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. బాపట్లలో డిప్లొమా పూర్తిచేసి, తెనాలిలో మా మేనమామ కోటేశ్వర్రావు నడిపే లేత్ షాపులో పనికి చేరాను. పనికి చేరానన్నది మావయ్య లెక్క. నా లెక్క ప్రకారం ఆ షాపును ఉద్ధరించడానికి వచ్చాను.

షాపులో ఒక మూల చిన్న మిల్లింగ్ మిషన్ ఉండేది. ఇనుప ముక్కను దాని బల్లకు బిగించి హ్యాండిళ్లు తిప్పితే, బల్ల కుడి ఎడమలకూ ముందు వెనకలకూ జరుగుతుంది. పైనుంచి డ్రిల్లు దిగి, కావలసిన చోట బెజ్జం వేస్తుంది. బల్ల ఎంత జరిగిందో తెలియడానికి హ్యాండిలు మీద గీతలుంటాయి. కానీ ఆ మిషన్ బాగా ముసలిది. హ్యాండిలు పావుచుట్టు తిప్పినా బల్లలో చలనం ఉండదు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఉలిక్కిపడి కదులుతుంది. అందుకని మావయ్య ఆ గీతల్ని పట్టించుకునేవాడు కాదు. ముక్కకు నీలం రంగు పూసి, దాని మీద గీతలు గీసి, బెజ్జం రావలసిన చోట పంచితో చుక్క కొట్టి, ఆ చుక్క మీదకే డ్రిల్లు దించేవాడు. ముప్ఫై ఏళ్లుగా అదే పద్ధతి. నాకు అది రాతియుగం పద్ధతిలా కనిపించేది.

రెండువేల ఐదో ఆరో, సరిగ్గా గుర్తులేదు. సెలవురోజు బాపట్ల వెళ్లినప్పుడు అక్కడి నెట్ సెంటర్లో ఎవరో విదేశీయుడు రాసిన పేజీ దొరికింది. వస్తువును దవడల మధ్య పట్టి కొలిచే చవకరకం డిజిటల్ వెర్నియర్లను మిల్లింగ్ మిషన్‌కి బిగిస్తే, బల్ల ఎంత జరిగిందో అంకెల్లో అదే చూపిస్తుందట. ప్రింటు తీయించుకుని రైల్లో నాలుగుసార్లు చదివాను. చెన్నైలో ఉన్న స్నేహితుడి చేత రెండు వెర్నియర్లు తెప్పించాను. కొలతకు పనికొచ్చే వాటి దవడల్ని గ్రైండర్ మీద కోసేస్తుంటే మావయ్య అటు తిరిగి నిలబడ్డాడు, కోడిని కోస్తుంటే చూడలేనివాళ్లు నిలబడతారు చూడండి, అలా.

కుడి ఎడమలకు ఒకటి బల్ల ముందు బిగించాను. అది బుద్ధిగా కూర్చుంది. ముందు వెనకలకు పెట్టాల్సిన రెండోదానికి చోటు చాల్లేదు. ఎటు పెట్టినా అంకెలు మిషన్ కడుపులోకి చూస్తున్నాయి. చివరికి దాన్ని తలకిందులు చేసి బిగించాను. అంకెలు కనపడ్డాయి, కాస్త మెడ వంచి చదువుకోవాలి, అంతే. అంకెలు తలకిందులైనప్పుడు లెక్క కూడా తలకిందులవుతుందని, బల్ల ముందుకొస్తే పెరగాల్సిన అంకె తగ్గుతుందని నా డిప్లొమాకు తట్టలేదు. నా కొంప మునిగింది ఆ క్షణానే. ఆ కబురు నాకు అందడానికి మాత్రం ఇంకో పదిరోజులు పట్టింది.

ఆ పదిరోజులూ నా వైభవం చూడాల్సింది. టీ ఇచ్చే ఆయన్ని, కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినాయన్ని, ఎదురుగా సైకిల్ షాపాయన్ని పిలిచి మరీ చూపించాను. బల్ల పది మిల్లీమీటర్లు జరిపితే పది అని పడేది, చుక్క పక్కన రెండు సున్నాలతో సహా. మావయ్య కూడా వచ్చి కాసేపు వంగి చూసి, గడియారం లాగా బాగుందన్నాడు. కవి సమ్మేళనంలో పద్యం చదివితే మైకు బాగుందన్నట్టు అనిపించింది నాకు.

అలాంటి రోజుల్లో ఏడుకొండలు వచ్చాడు. రేపల్లె అవతల సముద్రం దగ్గర పడవ ఉన్నాయన, మావయ్యకు పాత పరిచయం. గోనెసంచిలోంచి రెండుగా విరిగిన ఇనుప ప్లేటు తీసి పెట్టాడు. అది ఆయన పడవలో గేరుబాక్సు కింద ఉండే ప్లేటు. గేరుబాక్సు కాళ్లలోంచి ఆరు బోల్టులు ఈ ప్లేటులోని ఆరు బెజ్జాల గుండా దిగి, పడవలో ఉన్న ఇనుప చట్రానికి బిగుస్తాయి. ఆ కాళ్లు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా వంకరటింకరగా ఉంటాయి కాబట్టి బెజ్జాలూ అలాగే ఉన్నాయి. సముద్రంలో చేపల వేట నిషేధం ముగియడానికి మూడు రోజులే ఉన్నాయని, మొదటి రోజు అందరి పడవలూ సముద్రంలోకి దిగుతుంటే తన పడవ గట్టున ఉంటే ఇంట్లో వాళ్ల మొహం చూడలేనని ఏడుకొండలు చెప్పాడు.

మావయ్య ఆ పని నాకే అప్పగించాడు. మర్నాడు ఆయనకు పొన్నూరులో పెళ్లి ఉంది. వెళ్తూ వెళ్తూ ఒక్కమాట చెప్పాడు.

"కొత్త ప్లేటుకి నీలం రంగు పూసి, పాత ముక్కలు దానిమీద పెట్టి గీసుకోరా శీనూ. ఆ తర్వాత నీ అంకెలతో నీ ఇష్టం."

"ఆ అవసరం లేదు మావయ్యా. అంకెలు అబద్ధం చెప్పవు," అన్నాను.

పాత ముక్కల కొలతలన్నీ కాగితం మీద రాసుకున్నాను. రంగు పూయలేదు, గీత గీయలేదు. హ్యాండిలు తిప్పుతూ, అంకె రాగానే ఆపుతూ, ఆరు బెజ్జాలూ వేశాను. వందో వంతు మిల్లీమీటరు కూడా తేడా రాలేదు. ఆ ఆనందంలో ప్లేటు ఒక వైపును అద్దంలా మెరిపించి, దానిమీద అక్షరాల పంచీలతో 'పై వైపు' అని కొట్టి, కింద నా పేరులో మొదటి అక్షరం కూడా కొట్టాను. పాత ముక్కల్ని స్క్రాపు డబ్బాలో పడేశాను. సరిచూసుకోవడానికి పెట్టుకుంటే నా అంకెలకు అవమానమనిపించింది.

మర్నాడు పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కి, అక్కణ్ణుంచి ఆటోలో రేవుకు నేనే స్వయంగా వెళ్లాను. కొరియర్లో పంపే వస్తువా అది. ఏడుకొండలూ ఆయన మనుషులు ముగ్గురూ గేరుబాక్సు పైకెత్తి సిద్ధంగా ఉన్నారు. ప్లేటు చట్రం మీద పెట్టాం. రెండు బెజ్జాలు కలిశాయి. నాలుగు కలవలేదు. దాని మీద గేరుబాక్సు దించి చూశాం. అవే రెండు కలిశాయి. అవే నాలుగు కలవలేదు.

ఏ మనిషైనా ఆ క్షణంలో ప్లేటు తప్పేమో అనుకుంటాడు. నేను అనుకోలేదు. గేరుబాక్సు వంగిపోయిందని ప్రకటించాను.

"చట్రం కూడా కలవలేదు కదా బాబూ," అన్నాడు ఏడుకొండలు.

"అది కూడా వంగింది."

"రెండూ ఒక్కలాగే వంగాయా?"

"ఉప్పుగాలి ఒక్కటే కదా బాబాయ్," అన్నాను.

ఇంత ధైర్యంగా మాట్లాడేవాడికి ఏదో తెలిసే ఉంటుందని వాళ్లు నమ్మారు. చదువుకున్నవాడి మీద వాళ్లకున్న ఆ గౌరవం గుర్తొస్తే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి. గేరుబాక్సును తెనాలి తీసుకెళ్లి కాళ్ల వంపు తీయాలని, ఆ తర్వాత చట్రం సంగతి చూద్దామని తేల్చాను. నలుగురూ దాన్ని పడవలోంచి దింపి, బురదలో మోకాళ్ల దాకా దిగబడుతూ గట్టుకు చేర్చారు. నేను ముందు నడుస్తూ, జాగ్రత్త అని చెబుతూ వచ్చాను. ట్రాలీ ఆటో మాట్లాడి దానికింద గడ్డి పరిచి పడుకోబెట్టాం. వేమూరులో టీకి ఆగినప్పుడు, ఇనుము ఎందుకు వంగుతుందో ఏడుకొండలుకీ ఆటో అతనికీ వివరంగా చెప్పాను. టీ కొట్టు ఆయన కూడా విన్నాడు. మంచి ప్రశ్నలు వేశాడు కూడా.

తెనాలి చేరేసరికి రెండున్నర. మావయ్య పెళ్లి నుంచి వచ్చేసి ఉన్నాడు. గేరుబాక్సు చూసి, ఇదెందుకు వచ్చిందని అడిగాడు. ఉప్పుగాలి నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆయన ప్లేటు చేతిలోకి తీసుకుని గేరుబాక్సు కాళ్ల కింద పెట్టి చూశాడు. రెండు కలిశాయి. నాలుగు కలవలేదు. నేను 'చూశారా' అన్నట్టు ఏడుకొండలు వైపు చూశాను.

మావయ్య ప్లేటు బయటికి లాగాడు. దోసె తిరగేసినట్టు తిరగేసి, మళ్లీ పెట్టాడు. 'పై వైపు' అడుక్కి పోయింది. బోల్టులు ఒక్కొక్కటే తీసుకుని పైనుంచి వదిలాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. సుత్తి కాదు కదా, బొటనవేలు కూడా అవసరం లేకుండా దిగిపోయాయి. అద్దంలో చూసుకుంటే కుడిచెయ్యి ఎడమచెయ్యి అయినట్టు, తలకిందులుగా బిగించిన నా వెర్నియర్ బెజ్జాలన్నిటినీ ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ వేయించింది.

నాకు స్క్రాపు డబ్బాలో నేనూ పట్టేంత ఖాళీ ఉందా అన్న ఆలోచన వచ్చింది.

"అంకెలు నిజమే చెప్పాయిరా," అన్నాడు మావయ్య. "ఒకదాన్ని బోర్లా పడుకోబెట్టి అడిగింది నువ్వే."

ఏడుకొండలు గేరుబాక్సు పక్కనే కింద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా పడేవాణ్ణి. ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకుని, చాలా మర్యాదగా అన్నాడు.

"చట్రం కూడా వంగిందన్నావు కదా బాబూ. పడవ కూడా తెచ్చుంటే ఇక్కడే బిగించుకుని పోయేవాణ్ణి."

మావయ్య నవ్వడం మొదలుపెట్టాడు. ఏడుకొండలు కూడా నవ్వాడు. ఆటో అతను అర్థం కాకపోయినా నవ్వాడు. నాకు నవ్వే హక్కు లేదు కాబట్టి గేరుబాక్సు ఒక వైపు పట్టుకుని ఎత్తాను. ఈసారి రేవు దగ్గర ముందు నడుస్తూ జాగ్రత్తలు చెప్పలేదు. బురదలో మోకాళ్ల దాకా నేనే దిగాను. పొద్దుగూకే లోపు ఆరు బోల్టులూ బిగించాం. ఇంజను వేసి చూస్తే గేరుబాక్సు కిందినుంచి కిర్రుమన్న చప్పుడు కూడా లేదు. నిషేధం ముగిసిన రోజు ఏడుకొండలు పడవ అందరితోపాటే సముద్రంలోకి వెళ్లింది.

ఆ వారంలోనే వెర్నియర్‌ని ఊడదీసి, పట్టుకునే రేకును వేరేగా వంచి, సరైన వైపుకు తిప్పి బిగించాను. మావయ్య కూడా దాన్ని వాడటం మొదలుపెట్టాడు. నీలం రంగు పూయడం మాత్రం మానలేదు. ఇప్పుడు నేనూ పూస్తున్నాను.

కనుక పాఠకులందరి సమక్షంలో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఎదుటివాడి సరుకు వంకరగా ఉందని ప్రకటించే ముందు, నా చేతిలో ఉన్నదాన్ని ఒక్కసారి తిరగేసి చూసుకుంటాను. ఈ నియమాన్ని ఎంత నిష్ఠగా పాటిస్తున్నానంటే, మొన్న బాపట్ల హోటల్లో పెసరట్టు మాడిందని కేక వేయబోయి, నోరు మూసుకుని, ముందు తిరగేసి చూశాను.

రెండో వైపు కూడా మాడింది. అప్పుడే సర్వరును పిలిచాను.